అధిక శ్రావణం ఎవరి వంతు

ఈ ఏడు అధికమాసం వచ్చిందని పంచాంగం చూడకముందే నాకు తెలిసింది. మర్రిపాడు వైపు పల్లె నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములట. తల్లి మంచాన పడి ఉందట. నెలకొకరు చొప్పున చూసుకుంటున్నారు. ఇప్పుడు ఈ ఎక్కువ వచ్చిన నెల ఎవరి లెక్కలో పడుతుందో తేలక ముగ్గురికీ మాటల్లేవు. ఆత్మకూరులో పుస్తకాలు చదివే ఆయన ఒకాయన ఉన్నాడు, పోయి అడుగు అని ఎవరో పంపించారు. "మీరు చెప్తే మావోళ్ళు ఒప్పుకుంటారు సార్" అన్నాడు. నేను సార్‌ని కాను. ఇంటర్ తప్పి, జెరాక్సు కొట్టు పెట్టుకుని బతికినవాణ్ణి. కానీ అతను అడిగినదానికి సమాధానం నాకు తెలుసు, ఆత్మకూరులో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉండరు. "నాకు తెలియదు" అన్నాను. అతను గోడ పొడవునా ఉన్న పుస్తకాల వంక చూసి, "ఇన్నుండి కూడానా సార్?" అన్నాడు. అవునన్నాను. టీ తాగించి పంపించాను. అతను పోయాక నా భార్య, "తెలిసిందే గదా, చెప్పి పంపించుంటే పోయేది. పాపం అంత దూరం నుంచి వచ్చినాడు" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ సంగతి ఆమెకు కూడా చెప్పలేదు. నోటితో చెప్పడం నా వల్ల కాదు కాబట్టి రాస్తున్నాను.

మా అవ్వ పేరు చెంచమ్మ. నాయనకు తల్లి. తాత పోయాక ఇద్దరు కొడుకుల్ని నాట్లకూ కోతలకూ పోయి పెంచింది. పెద్దకొడుకు, మా పెదనాయన, ఉదయగిరిలో ఉండేవాడు. చెక్క గరిటెలు చేసేవాళ్ళ దగ్గర రంపం పని ఆయనది. దుంగను పలకలుగా కోసి ఇస్తే వాళ్ళు వాటిని గరిటెలుగా, చెంచాలుగా చెక్కేవాళ్ళు. చెక్కినవాటికి గరుకు కాగితం పట్టి నునుపు చేసే పని మా పెద్దమ్మది. ఆ ఇంట్లో ఉండేది ఒకే గది. గదిలో, దుప్పట్లలో, చివరికి చారులో కూడా చెక్కపొడి వాసన వచ్చేది. ఆ వాసన నాకు ఇష్టం. పెద్దమ్మ వేళ్ళ చివర్లు మాత్రం కాగితం రాపిడికి గీతలు అరిగిపోయి మెరుస్తుండేవి. మా నాయన చిన్నవాడు. ఆత్మకూరులో ధాన్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. అమ్మ పొద్దున పూట వాకిట్లో ఇడ్లీ పెట్టేది. వేరుశనగ పచ్చడి, ఎర్రకారం. ఎనిమిదింటికల్లా గిన్నె ఖాళీ అయ్యేది.

అవ్వ దొడ్లో జారి పడి తుంటి విరగ్గొట్టుకున్న తర్వాత వంతులు మొదలయ్యాయి. ఎవరూ కూర్చుని నిర్ణయించినట్టు నాకు గుర్తు లేదు. కట్టు కట్టించి మంచాన పడుకోబెట్టారు. ఎముక ఏదో అతుక్కుంది కానీ మనిషి పట్టుకుంటే తప్ప నడవలేదు. మూత్రం ఆపుకోవడం కూడా ఆమె చేతిలో లేకుండా పోయింది. ఒక నెల అక్కడ, ఒక నెల ఇక్కడ అన్నారు. ఇంగ్లీషు నెలలు అవ్వకు తెలియవు కాబట్టి అమావాస్య నుంచి అమావాస్యకు లెక్క. చైత్రం ఉదయగిరి, వైశాఖం ఆత్మకూరు, జ్యేష్ఠం ఉదయగిరి, ఆషాఢం ఆత్మకూరు, అట్లా పన్నెండు నెలలూ రెండిళ్ళకు పంచుకున్నారు. అవ్వ కూడా నెలల్ని ఆ పేర్లతో పిలవడం మానేసింది. "ఇది పెద్దోడి నెల", "వచ్చేది చిన్నోడి నెల" అనేది. ఒకరి ఇంటికి ఇంకొకరు తెచ్చి దిగబెట్టడం కూడా బరువే అని, ప్రయాణాన్ని కూడా సగం చేసుకున్నారు. అమావాస్య నాడు పెదనాయన ఉదయగిరి నుంచి వింజమూరు వచ్చేవాడు. మేము ఆత్మకూరు నుంచి అనుమసముద్రంపేట మీదుగా వింజమూరు పోయేవాళ్ళం. బస్టాండు పక్కన కాంతమ్మ అనే ఆమె టీకొట్టు. అక్కడి బల్ల మీద అవ్వను ఒకరు కూర్చోబెడితే ఇంకొకరు లేపుకొని పోయేవాళ్ళు. అవ్వతో పాటు ఒక బట్టల మూట, వక్కాకు సంచి, నీళ్ళ చెంబు. కాంతమ్మ నవ్వుతూ, "ఏమ్మా, డ్యూటీ మారిందా?" అనేది. అవ్వ కూడా నవ్వేది. "నేను బస్సును గదమ్మే. డ్రైవర్లు మారతా ఉంటారు."

మా ఇంట్లో అవ్వ ఉన్న నెల ఎట్లా గడిచేదో రాయాలి. ముందు గదిలో కిటికీ కింద నేను చదువుకునే చోటు ఉండేది. దాని మీద నలభై క్యాండిళ్ళ బల్బు. అవ్వ మంచం అక్కడే పట్టేది, ఇంకెక్కడా పట్టదు. నులక మంచం మధ్యలో తాళ్ళు కాస్త వదులు చేసి, కింద రేకు పళ్ళెంలో పొయ్యి బూడిద పోసి పెట్టేది అమ్మ. పొద్దున్నే ఆ బూడిద ఎత్తి దొడ్లో పారబోసి కొత్త బూడిద పోయాలి. పాత చీరలు నాలుగు మడతలు వేసి అవ్వ కింద పరిచేవాళ్ళం. రోజుకు ఆరేడు మారేవి. అంత చేసినా వాసన పోయేది కాదు. ఇడ్లీకి వచ్చేవాళ్ళు గుమ్మం వైపు తిరిగి కూర్చునేవాళ్ళు కాదు, వీధి వైపు తిరిగి తినేవాళ్ళు. తర్వాత్తర్వాత పొట్లం కట్టించుకుని పోయేవాళ్ళు. ఒక ముసలాయన మాత్రం, "అమ్మా, ఆమె నాకన్నా నయం. నా మంచం మా కోడలు బయట పడేసింది" అని అక్కడే తిని పోయేవాడు. అమ్మ రుబ్బురోలు దగ్గర నుంచి లేస్తూ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒక నిమిషం ఆగేది. ఆ నిమిషం నెలనెలకూ పెరుగుతోందని నేను చూశాను. చూసి మళ్ళీ పుస్తకంలో తల పెట్టాను.

పొద్దు పొడవకముందే తడిసిన చీరలు చెరువు దగ్గరికి తీసుకుపోయి ఉతికే పని నాది. పగలు తడిసినవి అమ్మ ఉతికేది. ఇది రాసేటప్పుడు అన్నీ నేనే ఉతికినట్టు రాయబోయాను. నావి రెండో మూడో, మిగతా అన్నీ ఆమెవే. నేను పొద్దున్నే పోయింది కూడా ఎవరూ చూడకుండా ఉండాలని. ఎందుకంటే అప్పటికే ఊళ్ళో నాకొక పేరు వచ్చింది. శాఖా గ్రంథాలయం తలుపు తీసే వేళకు నేను మెట్ల మీద ఉండేవాణ్ణి. మొదటి బీరువా పై అరలో మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోతున్నాను. వ్యవసాయం, జ్యోతిషం, దేశ చరిత్ర, హోమియోపతి, ఏది వస్తే అది. కాలేజీ మెట్టు దిగినవాణ్ణి కాబట్టి కాలేజీ వాళ్ళకంటే ఎక్కువ తెలుసుకోవాలని పట్టుదల. అక్కడికి రోజూ వచ్చే పెద్ద ఉద్యోగి ఒకాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ అబ్బాయి మామూలోడు కాదు అని నలుగురికీ చెప్పేవాడు. ఆషాఢంలో ఒక రోజు ఆయన నా పక్కన పేపరు చదువుతూ, ఒకసారి తల ఎత్తి, పేపరు మడిచి, కిటికీ దగ్గర కుర్చీకి మారాడు. నేను చొక్కా వాసన చూసుకున్నాను. చేతులు వాసన చూసుకున్నాను. ఆ పూట మళ్ళీ తల ఎత్తలేదు. అప్పుడు నాకు కలిగింది సిగ్గే అనుకున్నాను. సిగ్గంటే అది కాదని తెలియడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

ఆ ఏడు శ్రావణం అధికంగా వచ్చింది. ముందు అధిక శ్రావణం, తర్వాత నిజ శ్రావణం. ఆషాఢ అమావాస్య నాడు మామూలుగానే వింజమూరులో అవ్వను పెదనాయనకు అప్పగించాం. ఆయన లెక్కలో ఆ అధికమాసం ఆయన వంతు, అది అయిపోతే మళ్ళీ మా వంతు. నాయన కూడా అట్లాగే అనుకున్నాడు. గొడవే లేదు. లేని గొడవను నేను పుట్టించాను. లైబ్రరీలో అట్ట ఊడిపోయిన పాత ధర్మశాస్త్రాల పుస్తకం ఒకటి ఉండేది. పేరున్న పేజీ కూడా చిరిగిపోయింది. అధికమాసానికి సొంత పేరు ఉండదనీ, దాని తర్వాత వచ్చే నెల పేరే దానికి వస్తుందనీ, రెండూ కలిపి అరవై రోజుల ఒకే నెలగా లెక్క పెట్టాలనీ అందులో ఉంది. పంచాంగం తీసి చూశాను. సరిపోయింది. శ్రావణం ఉదయగిరి వంతు. శ్రావణం అంటే ఈసారి అరవై రోజులు. అయితే అధికమాసం పోయాక అవ్వ మా ఇంటికి రావాల్సిన పని లేదు, ఇంకో నెల అక్కడే. ఆ పేజీ దగ్గర నా గుండె ఎట్లా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. ఒక కష్టం తీరినందుకు కాదు. ఎవరికీ తెలియనిది నేను కనుక్కున్నందుకు.

నాయనకు చెప్తే నోరు తెరుచుకుని విన్నాడు. "అట్టా రాసుండాదా? నిజంగానా?" అని రెండుసార్లు అడిగి, మిల్లులో అందరికీ చెప్పుకున్నాడు. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంది. "సుభద్ర పురుడుకొచ్చి ఉండాది గదరా ఆ ఇంట్లో. నెలలు నిండినాయి. ఒక్క గదిలో మీ పెద్దమ్మ ఏమని చేస్తాది?" సుభద్రక్క పెదనాయన కూతురు. నేను, "శాస్త్రంలో ఉన్నది ఉన్నట్టు చెప్పినానమ్మా. నా సొంతం కాదు గదా" అన్నాను. అమ్మ మంట ఎగదోసింది. తర్వాత, "నా నడుము విరిగినట్టే ఉండాది. వద్దనడానికి నాకు నోరు రాలేదులే" అంది. అమావాస్య ముందు రోజు నాయన నన్ను పిలిచి, "నువ్వే పో. నేను మా అన్న మొగం చూస్తే చెప్పలేను. నువ్వైతే పుస్తకం చూపించి చెప్తావు" అన్నాడు. పంచాంగాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని నేనొక్కణ్ణే బయల్దేరాను.

పెదనాయన అప్పటికే కాంతమ్మ కొట్టు దగ్గర ఉన్నాడు. అవ్వ బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి, "వచ్చినావా అబ్బయ్యా" అంది. పెదనాయన నా వెనక చూసి, "మీ నాయన యాడరా?" అన్నాడు. రాలేదన్నాను. "సరే, ఎక్కించుకోను నేను సాయం పడతాలే. బిన్నా రానీ బస్సు, నేను తొందరగా పోవాల. ఇంటి కాడ సుభద్రకు ఇయ్యాలో రేపో అన్నట్టు ఉండాది." నేను సంచిలో నుంచి పంచాంగం తీశాను. టీ తాగుతున్నవాళ్ళు ఏందో అని చూశారు. నేను వాళ్ళకు కూడా వినపడేట్టు చెప్పాను, అధికం, నిజం, అరవై రోజులు, అన్నీ. పెదనాయనకు చదువు రాదు. పేజీ మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు.

"అంటే ఏందిరా నువ్వు చెప్పేది?"

"మీ వంతు ఇంకా అయిపోలేదు పెదనాయనా. సగమే అయింది."

"ముప్పై దినాలు చేసినాం గదరా. మీ పెద్దమ్మ ఒక్క పూట నడుం వాల్చలేదు."

"ముప్పై రోజులు అయినాయి. నెల కాలేదు."

ఆయన నవ్వాడు. కోపం వచ్చినా నవ్వే మనిషి. "ఓహో. అయితే నేను అరవై దినాలు రంపం లాగినా ఒక్క నెలే లాగినట్టా? ఈ భుజానికి చెప్పు ఆ మాట. ఇదీ శాస్త్రం చదువుకుంటాది." బల్ల మీద ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. అప్పుడు పక్క బల్ల నుంచి కళ్ళద్దాల ఆయన ఒకాయన, బడిపంతులులా ఉన్నాడు, చెయ్యి చాచి పంచాంగం అడిగి తీసుకుని, చదివి, "పిల్లోడు చెప్పేది కరెక్టే. రెండూ శ్రావణమే" అన్నాడు. ఆ మాటతో అందరూ నా వైపు అయిపోయారు. పెదనాయన ముఖంలో నవ్వు పోయింది. "కరెక్టే కావచ్చు సామీ" అన్నాడు ఆయనతో. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, "ఒక పక్క బాలింత, ఒక పక్క ఈమె. చంటిబిడ్డను యాడ పడుకోబెట్టాలిరా?" అన్నాడు. నేను పంచాంగం మూశాను.

అవ్వ కల్పించుకోకపోయుంటే ఏమయ్యేదో. "ఒరే పెద్దోడా" అంది. "పిల్లోడు అంత చదివి చెప్తుంటే నువ్వేంది ఎదురు మాట్లాడతావు? పద పోదాం." నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరి, కాంతమ్మతో, "మా చిన్నోడి కొడుకమ్మే. లైబ్రరీలో పుస్తకాలన్నీ అరగదీసినాడు. చూసినావా, అంత పెద్దాయన కూడా కరెక్టు అన్నాడు" అంది. ఆమె ముఖంలో సంతోషం తప్ప ఇంకేమీ లేదు. నేను ఎంత వెతికినా అంతే. పెదనాయన తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని, ఉదయగిరి పోయే బస్సు ఎక్కించాడు. మూట, సంచి నేను అందించాను. చెంబు మర్చిపోతే కాంతమ్మ పరిగెత్తి కిటికీలో నుంచి ఇచ్చింది. బస్సు పోయాక కళ్ళద్దాల ఆయన నా పేరు అడిగాడు, ఏం చదువుతున్నావన్నాడు. ఎండ మండిపోతోంది. గోలీసోడా కొనుక్కుని తాగి, ఆత్మకూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. గెలిచి వస్తున్నానని అనుకున్నాను. ఆ మాట ఇక్కడ రాయకపోతే మిగతాది రాసి ఉపయోగం లేదు.

ఆ నెల మా ఇల్లు తేటపడింది. బల్బు కింద చోటు నాకు తిరిగి వచ్చింది. ఇడ్లీకి జనం మళ్ళీ గుమ్మం వైపు తిరిగి కూర్చున్నారు. అమ్మ మధ్యాహ్నం పూట ఒక గంట నిద్రపోయింది. ఆమె పగలు నిద్రపోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ గంట నిద్ర ఆమెకు రావాల్సిందే, ఆ మాట ఇప్పుడు కూడా అంటాను. అది పెద్దమ్మ దగ్గర నుంచి తీసుకొచ్చి ఇచ్చానన్నదే నా బాధ. నిజ శ్రావణం సగం దాటాక ఉదయగిరి నుంచి ఒకాయన వచ్చాడు. అనుమసముద్రంపేటలో దర్గా దగ్గర కొట్లకు చెక్క గరిటెలు వేసి, అట్నుంచి మా మిల్లు దాకా వచ్చి నాయనకు చెప్పాడు. "మీ అమ్మకు బాగలేదు. కళ్ళు లోపలికి పోయినాయి. మాట తడబడతా ఉండాది. మీ అన్న చెప్పమన్లేదు. నేనే చెప్తున్నా."

నాయనా నేనూ వెంటనే బయల్దేరాం. ఉదయగిరిలో దిగేసరికి మధ్యాహ్నం. గదిలో ఒక మూల సుభద్రక్క, పక్కన చీర ఊయలలో బిడ్డ. బాలింత గదిలో తడి ఉండకూడదని అవ్వ మంచం వసారాలోకి మార్చి, గోనెసంచులు కుట్టి చుట్టూ తడిక కట్టారు. లోపల శుభ్రంగానే ఉంది. నేను తప్పు వెతుకుతూ చూశాను కాబట్టి చెప్తున్నాను, మా ఇంట్లోకంటే శుభ్రంగా ఉంది. అవ్వ పెదవులు మాత్రం ఎండి చీలిపోయి ఉన్నాయి. నాలుక మీద పగుళ్ళు. నాయన మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చేశాడు. పొద్దున డాక్టరు వచ్చి సెలైను పెట్టిపోయాడని, ఒంట్లో నీళ్ళే లేవన్నాడని పెదనాయన చెప్పాడు. పెద్దమ్మ ఒళ్ళో గరిటెల బుట్ట దించి నా దగ్గరికి వచ్చింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నీళ్ళిస్తే పెదవి తడుపుకొని పక్కన పెట్టేస్తాది నాయనా. బతిమాలినాను, తిట్టినాను. ముసలోళ్ళు నీళ్ళు జాస్తి తాగితే గుండెకు పడతాదంట, రోజుకు రెండు గ్లాసులే తాగాలంట, పుస్తకంలో రాసుండాదంట. మనవడు చెప్పినాడు అంటాది. చదివినోడివి గదా, అట్టా ఉండాదా పుస్తకంలో?"

ఇంత దూరం రాసి కూడా ఈ ఒక్క మాట దాటేస్తూ వచ్చాను. లైబ్రరీలో ఆ పెద్ద ఉద్యోగి కుర్చీ మారిన రోజు సాయంత్రం, అవ్వ నీళ్ళు అడిగితే చెంబు అందిస్తూ ఆ మాట చెప్పింది నేనే. ఏ పుస్తకంలోనూ లేదు. రెండు చీరలు తక్కువ తడుస్తాయని చెప్పాను. నేను పుస్తకంలో ఉందంటే అవ్వ ఎదురు అడగదని తెలిసి చెప్పాను. ఆమె దాహం వేసినా తాగకుండా మా ఇంట్లో మిగిలిన ఆషాఢం గడిపింది, వింజమూరులో కాంతమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టింది, ఉదయగిరి ఎండల్లో యాభై రోజులు నా మాట నిలబెట్టింది. అధికమాసం సంగతైనా నిజం, దాన్ని వాడిన తీరు తప్పు. ఇది మొత్తం అబద్ధం. పెద్దమ్మ, పెదనాయన, నాయన, ఊయల ఊపుతున్న సుభద్రక్క, అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. "కొంతమందికి అట్టా రాసుంటారు పెద్దమ్మా. అవ్వకు కాదు. అవ్వ తప్పుగా అర్థం చేసుకున్నట్టుంది" అన్నాను.

పెద్దమ్మ, "అట్టాగా. ఆమెకేం తెలుసులే పాపం" అంది. తన వంతు ఇంకా పదిరోజులుందని పెదనాయన అనలేదు. నాయనే లేచి, "వంతూ లేదు ఏమీ లేదు, అమ్మను తీసుకుపోతాన్నా" అన్నాడు. మర్నాడు తీసుకొచ్చాం. ఆ తర్వాత వంతులు మానేశామని రాయాలని ఉంది. మానలేదు. భాద్రపదం మాది కాబట్టి అది కూడా మా ఇంట్లోనే ఉంది. అప్పటికి అమ్మ నడుము మళ్ళీ పట్టేసింది. ఆశ్వయుజం రాగానే వింజమూరు, కాంతమ్మ కొట్టు, అన్నీ మామూలే. అవ్వ ఆ తర్వాత రెండేళ్ళు అట్లాగే తిరిగి, పెద్దోడి నెలలో పోయింది.

ఇప్పుడు మా అమ్మకు ఎనభై దాటాయి. మెడికల్ షాపులో పెద్దవాళ్ళకు వేసే డైపర్లు దొరుకుతున్నాయి. నేనొక్కణ్ణే కొడుకుని కాబట్టి వంతులు లేవు. గదిలో వాసన లేదు. మా ఇంటికి వచ్చినవాళ్ళు ముసలావిడ ఉన్నట్టే తెలియడం లేదంటారు, మెచ్చుకోలుగా. డైపరు మార్చేది నా భార్య. నేను తెచ్చి ఇస్తాను. వయసైనవాళ్ళకు దాహం తెలియదని, అడగకపోయినా నీళ్ళు ఇస్తూ ఉండాలని తర్వాత ఎన్నో పుస్తకాల్లో చదివాను. అవ్వకు దాహం తెలిసింది. అడిగింది కూడా. పుస్తకాలు నన్ను మంచివాణ్ణి చేశాయని నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాను, లైబ్రరీ వారోత్సవాల్లో పిల్లలకు ఉపన్యాసం కూడా ఇస్తాను. ఇస్తున్నంతసేపు ఆ పెదవులు కనపడతాయి.

ఉదయగిరి నుంచి తెచ్చిన మర్నాడు అవ్వ మా ఇంట్లో కూడా నీళ్ళు పక్కన పెట్టింది. అమ్మ ఇడ్లీ దగ్గర ఉంది, నాయన మిల్లుకు పోయాడు. నేను మంచం పక్కన కూర్చుని, "పుస్తకంలో తప్పు రాసినారవ్వా. నువ్వు తాగొచ్చు" అన్నాను. అవ్వ నమ్మలేదు. "అచ్చేసేవోళ్ళు చూసుకోకుండా వేస్తారా? తప్పెట్టా ఉంటాది?" అంది. అబద్ధం చెప్పానవ్వా అంటే అయిపోయేది. మూడు మాటలు. పుస్తకంలో తప్పు ఉందని ఒప్పుకోగలిగాను కానీ నాలో ఉందని అనలేకపోయాను. లేచి లైబ్రరీకి పోయి, చేతికి అందిన పుస్తకం ఒకటి తెచ్చాను. కోళ్ళ పెంపకం. దాన్ని అవ్వ ముందు తెరిచి, వేలు పెట్టి, చదువుతున్నట్టు చెప్పాను. "ఇది కొత్తగా వచ్చిన పుస్తకమవ్వా. ముసలివాళ్ళు నీళ్ళు బాగా తాగాలి, తాగకపోతే ప్రమాదం అని రాసుండాది."

అవ్వ పుస్తకం వైపు చూసింది, నా వైపు చూసింది. "ఎన్ని గ్లాసులంట?"

"ఎనిమిది."

"ఎనిమిదా! అన్ని తాగితే గుడ్డలు ఎవరు ఉతకాలంట? అది కూడా రాసుండాదేమో చూడు."

ఎగతాళి చేసిందో, నిజంగా అడిగిందో, అన్నీ తెలిసే అడిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. పేజీ తిప్పాను. కోళ్ళకు వచ్చే తెగుళ్ళ గురించి ఉంది. అక్షరాలు కనపడలేదు. "మనవడు ఉతకాలంటవ్వా" అన్నాను. "అట్టాగా" అని చెయ్యి చాపి గ్లాసు అందుకుంది. సగం గడ్డం మీదుగా కారింది. గుటక గుటకకూ నా ముఖం చూస్తూ మిగతా సగం తాగింది. ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఒకటి" అంది.